సగటు బలం గల మనిషి

షటిల్ ఈసారి కలెక్టరు గారి ఒళ్లో పడింది.

అంతకు ముందుది బ్యాండ్‌మేళం వాళ్ల బాకాలో పడింది. దానికి ముందుది విలేఖరుల బల్ల మీది టీ గ్లాసులో. కోర్టులో తప్ప భీమవరంలో అన్ని చోట్లా పడుతోంది.

అంతర్జాతీయ ఆహ్వాన బ్యాడ్మింటన్ పోటీలు, మహిళల సింగిల్స్ ఫైనల్. మొదటి గేమును జపాన్ అమ్మాయి ఇషిదా పదకొండు-ఒకటితో ఎత్తుకుపోయింది. రెండో గేములో నాలుగు-సున్నా మీద ఉంది. ఆమె గొప్పగా ఆడటం లేదు. వలకు అంటుకుని నిలబడి, షటిల్‌ను అలా తాకి ఇలా వదిలేస్తోంది. మిగతాదంతా షటిలే చూసుకుంటోంది.

ఇవతల పక్క పాలకొల్లు పిల్ల కొల్లి హైమవతి తన కుడిచెయ్యి వంక చూసుకుంది. చిన్నప్పటి నుంచి ఆ చేతికి వచ్చిన విద్య ఒక్కటే. షటిల్‌ను ఆకాశానికి లేపి, అవతలి వెనుక గీత మీద దించడం. ఆ ఒక్క దెబ్బతోనే ఆమె ఫైనల్ దాకా వచ్చింది. మొన్న షటిల్ గీత మీదే దిగింది. నిన్న జానెడు అవతల దిగింది. ఇవాళ జిల్లా పరిపాలన మీద దిగుతోంది.

"మాస్టారూ, నా చెయ్యి పాడైపోయిందండి" అంది హైమ, కోచ్ ఫ్రాన్సిస్ మాస్టారి దగ్గరికి వచ్చి.

"నీ చెయ్యి నిక్షేపంలా ఉందే తల్లీ. ఆ షటిల్‌కే రెక్కలొచ్చాయి. నువ్వక్కడే ఉండు, నేను తేల్చుకొస్తా."

తేల్చుకోవడానికి ఎక్కువ సమయం లేదు. ముందు వరసలో దేశపు జట్టును ఎంపిక చేసే పెద్దలు ముగ్గురు కూర్చున్నారు. ఈ ఫైనల్ గెలిస్తే హైమ జట్టులో ఉంటుంది. ఓడితే జట్టు ఆమె లేకుండానే తయారవుతుంది. ఆ ముగ్గురికీ సాయంత్రం రైలుంది.

ఫ్రాన్సిస్ మాస్టారు షటిళ్లు సరైనవి కావని గట్టిగా అరిచారు. డెన్మార్క్ నుంచి వచ్చిన రిఫరీ యెన్సెన్ చెయ్యెత్తి ఆట ఆపాడు. పోటీల కార్యనిర్వాహక కార్యదర్శి, విశ్రాంత డిప్యూటీ కలెక్టరు ఇందుకూరి రామభద్రరాజు గారు చంకలో ఫైలుతో కోర్టులోకి వచ్చారు.

"ప్రస్తుత విషయమై తొందరపాటు అభిలషణీయం కాదు" అన్నారాయన. "సదరు షటిళ్లు నిబంధనల మేరకు పరీక్షింపబడి, ఆమోదింపబడి, ముద్ర వేయబడినవి."

"ఎవరు పరీక్షించారు?" అన్నాడు యెన్సెన్.

"ఎవరేమిటండీ? సగటు బలుడు!"

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే ఈ కథలో ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో తెలియదు.

ఆ రోజుల్లో బ్యాడ్మింటన్ నిబంధనల్లో ఒక వాక్యం ఉండేది. సగటు బలం గల ఆటగాడు ఒక వెనుక గీత మీద నిలబడి, కింది నుంచి పైకి పూర్తి దెబ్బ కొడితే, షటిల్ అవతలి వెనుక గీతకు కొద్దిగా ఇవతల పడాలి. అలా పడితే మంచి షటిల్. ముందే పడిపోతే నీరసపు షటిల్. దాటిపోతే దుడుకు షటిల్. ప్రపంచంలోని అన్ని దేశాల వాళ్లూ ఈ వాక్యం చదివి, దగ్గర్లో ఎవడు కనబడితే వాడి చేత కొట్టించి, ఆట మొదలుపెట్టేసేవాళ్లు.

దాన్ని అమలు చేద్దామనుకున్న మొదటి మనిషి రామభద్రరాజు గారు.

పోటీల కోసం ఊరి చివర ధాన్యం గోడౌనుకు సున్నం కొట్టించి 'అంతర్జాతీయ క్రీడా ప్రాంగణం' అని బోర్డు పెట్టిన రోజునే, అందులో ఇంకా తవుడు వాసన పోకముందే, ఆయన మొదటి సమావేశం పెట్టారు.

"సగటు బలం గల ఆటగాడు అనగా ఎవరు? అతడు సగటు అని నిర్ణయించుటకు అధికారం గలవారెవరు? అతడు నిన్న సగటుగా ఉండి నేడు సగటుగా లేనిచో బాధ్యత ఎవరిది?"

ఎవరూ నోరెత్తలేని ప్రశ్నకు ఉపసంఘం వేశారు.

ఉపసంఘం ఊళ్లో మగవాళ్లందరినీ మునిసిపల్ మైదానంలో వరసగా నిలబెట్టింది. ధాన్యం బస్తా ఎత్తించింది. బావిలో చేద తోడించింది. తడి దుప్పటి పిండించింది. బస్తాను అవలీలగా ఎత్తిన వస్తాదులు తమను వెనక్కి పంపినందుకు గొడవ చేశారు. బలవంతుడై పుట్టడం తప్పా అని అడిగారు. ఎత్తలేనివాళ్లు ఇంకా పెద్ద గొడవ చేశారు. వాళ్లకు గొడవ చేసే బలం ఉన్నందువల్ల మళ్లీ పరీక్ష పెట్టాల్సి వచ్చింది.

చివరికి దొరికాడు. చిట్టూరి పాపారావు, మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. బస్తాను మోకాళ్ల దాకా ఎత్తి అక్కడ ఆపాడు. చేదను సగం దాకా తోడి ఊపిరి పీల్చుకున్నాడు. దుప్పటి పిండితే అది తడిగానూ లేదు, పొడిగానూ లేదు. అన్నదమ్ముల్లో నడిమివాడు. వీధిలో నడిమి ఇల్లు. ఉపసంఘం వాళ్లు ఆనందం పట్టలేక ఆయన భార్యకు కబురు చెప్పడానికి ఇంటికి వెళ్లారు.

"అమ్మా, మీ వారు అన్ని విధాలా సగటు మనిషని తేలింది!"

"పెళ్లయిన నాటి నుంచీ నేనదే మొత్తుకుంటన్నానండి" అందావిడ. "గవర్నమెంటోళ్లకి ఇప్పుడు తెలిసిందా?"

పాపారావును 'అధికారిక సగటు బలుడు'గా నియమించారు. ఛాతీ మీద వేలాడేలా ఇత్తడి బిళ్ల ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆయన బలం ప్రభుత్వ ఆస్తి. మెట్లు ఎక్కకూడదు, ఎక్కితే పిక్కలు బలుస్తాయి. ఊరికే కూర్చోకూడదు, కూర్చుంటే సడలిపోతాయి. ఎవరూ గట్టిగా కరచాలనం చేయకుండా ఒక కానిస్టేబుల్ కాపలా. సంతోషం వల్ల బలం హెచ్చుతుందని, దుఃఖం వల్ల తగ్గుతుందని ఆయన దగ్గర జోకులూ పరామర్శలూ రెండూ నిషేధించారు. పాపారావు మేనమామ పోయాడని కబురు వస్తే, 'ఫైనల్ అనంతరం తెలియజేయదగును' అన్నారు రాజు గారు. అదే రోజు ఇంక్రిమెంటు వచ్చిన కబురు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి చెబితే సగటుకు సరిపోతుంది కదా అని ఒక సభ్యుడు సూచించాడు. రాజు గారు ఆ తెలివిని మెచ్చుకున్నారు గానీ ఒప్పుకోలేదు.

ఇక ఆయన్ని ఎక్కడ ఉంచాలి? లాడ్జీల నిండా విదేశీ ఆటగాళ్లు. సొంత ఇంట్లో ఉంచితే భార్య పోట్లాడుతుంది, పోట్లాడితే బలం మారుతుంది. అందుకని భద్రతా కారణాల రీత్యా రాజు గారు ఆయన్ని తన ఇంట్లోనే దింపారు. గోడౌను పక్క వీధే. పెద్ద మండువా ఇల్లు. ఇంట్లో రాజు గారు, ఎనభై దాటిన వాళ్ల అమ్మగారు, ఆ అమ్మగారి వంటిల్లు.

ఇంతటి కట్టుదిట్టంతో పరీక్షించిన షటిల్ కలెక్టరు గారి ఒళ్లో పడిందంటే, అది మామూలు నేరం కాదు.

"ఆ బలుణ్ణి పిలవండి" అన్నాడు యెన్సెన్. "నా ముందు కొట్టించండి."

పాపారావు వచ్చాడు. ఒక పక్క కానిస్టేబుల్, ఇంకో పక్క బ్యాండ్‌మేళం మేస్త్రీ పట్టుకుని నడిపించారు. పది రోజుల కిందట ఛాతీ మీద నిలువుగా వేలాడిన ఇత్తడి బిళ్ల ఇప్పుడు బొజ్జ మీద వెల్లకిలా పడుకుని ఉంది. చొక్కా గుండీలు ఏ క్షణాన ఏం చేస్తాయో తెలియని స్థితిలో ఉన్నాయి.

చేతికి రాకెట్ ఇచ్చారు. ఫ్రాన్సిస్ మాస్టారు తన సంచిలోంచి తీసిన మంచి షటిల్ ఇచ్చారు.

పాపారావు ముందుకు వంగబోయాడు. వంగలేదు. మళ్లీ ప్రయత్నించాడు. "అమ్మా" అని మూలిగి, చెయ్యి ఊపాడు. షటిల్ మధ్యలో ఉన్న వల దాకా వెళ్లి, వలకు దణ్ణం పెట్టినట్టు తల వాల్చి, ఇవతలే పడిపోయింది. ఒక గుండీ మాత్రం అవతలి కోర్టులో పడింది.

"నీరసపు షటిల్" అన్నాడు పాపారావు ఆయాసపడుతూ, అలవాటు ప్రకారం.

ఫ్రాన్సిస్ మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. అసలు సంగతి అందరికీ ఒక్కసారే తెలిసిపోయింది. రోజురోజుకూ ఈయన బలం తగ్గింది. ఈయన కొడితే మంచి షటిళ్లన్నీ ముందే పడిపోయాయి. వాటిని నీరసపువని పక్కన పడేశారు. ఇంకా బరువైనవి, ఇంకా దూరం పోయేవి తెప్పించారు. ఈయన కొట్టినా గీత దాకా వెళ్లగలిగిన భూతాల్లాంటి షటిళ్లకే ముద్ర పడింది. అవి మామూలు మనిషి కొడితే కలెక్టరు దగ్గర గానీ ఆగవు.

"సరే. ఆ పక్కన పడేసిన మంచివాటితో మొదటి నుంచి ఆడిద్దాం" అన్నాడు యెన్సెన్.

"వీలుపడదు" అన్నారు రాజు గారు. ఫైలు తెరిచారు. "పోటీల ఉపనిబంధన ప్రకారం సగటు బలుడి తీర్పు అంతిమం. సదరు సగటు బలుడి బలమును ఏ వ్యక్తి అయినను హెచ్చించినను, తగ్గించినను, ఆ వ్యక్తి పేరును ఇంటిపేరుతో సహా కార్యదర్శి స్వయముగా మైకులో ప్రకటించిన మీదట మాత్రమే ఆట తిరిగి మొదటి నుంచి జరపవచ్చును. రాసింది నేనే. కింద తమరి సంతకం కూడా ఉంది."

యెన్సెన్ చూసుకున్నాడు. సంతకం ఆయనదే. రైలు దిగిన రోజున భోజనం టోకెన్ల కోసం అడుగుతున్నారనుకుని పెట్టాడు. డెన్మార్క్ వాళ్లకు సంతకమంటే మాట.

"అయితే ఒక్క గంట" అన్నాడాయన. "గంటలో ఆ పేరు మైకులో వినపడాలి. వినపడకపోతే ఇవే షటిళ్లతో, నాలుగు-సున్నా నుంచి ఆట సాగుతుంది."

హైమ ముందుకొచ్చింది. "పేరే కదండీ కావాలి? నా పేరు చెప్పెయ్యండి. నేనే చేశానని ఒప్పుకుంటా."

"అసత్య ప్రకటన శిక్షార్హము" అన్నారు రాజు గారు.

రంగంలోకి ఇన్‌స్పెక్టర్ ముత్యాలరావు దిగాడు. మీసం మెలేసిన మనిషి. కనురెప్ప వాల్చకుండా చూస్తే పాత నేరస్థులు కొత్త నేరాలు కూడా ఒప్పుకుంటారని ఆయనకు పేరు. గోడౌను తలుపులు మూయించాడు. పాపారావును సామాన్ల గదిలో బల్ల మీద కూర్చోబెట్టి, బల్బు మొహం మీదికి లాగాడు.

"నిన్ను ఎవరైనా కొట్టారా?"

"లేదండి."

"బెదిరించారా?"

"లేదండి. పెట్టారండి."

"పెట్టారా? ఏం పెట్టారు? మందా?"

"పొద్దున్నే పెసరట్టండి. అందులో ఉప్మాండి. దాని మీద అల్లం పచ్చడండి. పది గంటలకి రెండు మినప సున్నుండలండి. మధ్యాహ్నం పప్పు, గుత్తొంకాయ, కొరమీను పులుసు, రొయ్యల ఇగురు, గడ్డపెరుగండి. ఆ పైన బొబ్బట్లండి. బొబ్బట్ల మీద నెయ్యండి. నెయ్యి మిగిలిపోతదని ఇంకో బొబ్బట్టండి."

ఇన్‌స్పెక్టర్ గుటక మింగాడు. "వద్దనలేకపోయావా?"

"అన్నానండి. వద్దంటే ఒకటండి, చాలంటే రెండండి. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి మీదే వడ్డించేశారండి."

"ఎవరు? పేరు చెప్పు!"

పాపారావు తల అడ్డంగా ఊపాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఆవిడ చేతి అన్నం తిన్న నోటితో ఆవిడ పేరెలా చెప్పమంటారండీ? నన్ను జైల్లో పెట్టినా చెప్పనండి. జైల్లో అన్నం తక్కువ పెడతారంటగా, పెట్టండి."

గుమ్మంలో నిలబడి వింటున్న రామభద్రరాజు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నేరస్థలం ఎక్కడో తెలిసిపోయిందండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకుంటూ. "పక్క వీధే కదా. ఇలా వెళ్లి అలా నేరస్థురాలితో వస్తాను."

ఇలా వెళ్లాడు. అలా రాలేదు. పావుగంట పోయాక వచ్చాడు. బెల్టు ఒక కన్నం వదులైంది. మెలేసిన మీసం ఒక పక్కన వాలిపోయింది. అక్కడ కాస్త పెరుగుంది.

"ఏమైంది?" అన్నాడు యెన్సెన్.

"నేరస్థలాన్ని క్షుణ్ణంగా పరిశీలించానండి. గదులన్నీ చూశాను. నేరమేమీ జరిగిన ఆనవాళ్లు లేవండి. ఆ కొరమీను పులుసు మాత్రం..." ఇన్‌స్పెక్టర్ ఆగి, కళ్లు మూసుకుని, తెరిచాడు.

"పేరు?"

"నా బెల్టు తీసుకోండి. టోపీ తీసుకోండి. పేరు మాత్రం నన్నడక్కండి."

వైద్య కోణంలో చూడాలని పోటీల డాక్టరు గారు బయల్దేరారు. ఆయన శాస్త్రం చదువుకున్న మనిషి, మొహమాటాలు లేవు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో అరిటాకు పొట్లం ఉంది.

"ఆహారము వలన బలం పెరుగునే గాని తగ్గదు" అని ప్రకటించారాయన, దవడ ఆడిస్తూనే. "కనుక నేరమే లేదు."

"ఆ పొట్లంలో ఏంటండీ?" అని అడిగారు ఫ్రాన్సిస్ మాస్టారు.

"సున్నుండలు. పరీక్ష నిమిత్తం."

"మీరు నములుతున్నారు కదండీ!"

"పరీక్ష మొదలైంది."

అప్పుడు యెన్సెన్ స్వయంగా లేచాడు. ఆయన ప్రపంచంలో సగం దేశాల్లో రిఫరీగా పనిచేశాడు. మహారాజులు కూర్చున్న హాల్లో మహారాజు మేనల్లుడు కొట్టిన షటిల్‌ను అవుటన్నాడు. ఉప్పు లేని బంగాళాదుంపలు తిని పెరిగిన మనిషి కనుక ఆయన మీద అందరికీ నమ్మకం కుదిరింది. పొడుగు కాళ్లతో చకచకా వెళ్లాడు.

గోడౌనులో జనం తలుపు వైపే చూస్తున్నారు. ఇషిదా నేల మీద కూర్చుని రాకెట్ తీగలు సరిచేసుకుంటోంది. ఎంపిక పెద్దల్లో ఒకాయన మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. హైమ మాత్రం కోర్టులోంచి కదల్లేదు. కదిలితే మళ్లీ రానివ్వరేమోనని భయం. కాళ్లు బిగుసుకుపోకుండా నిలబడ్డ చోటే ఎగురుతోంది.

యెన్సెన్ తిరిగొచ్చాడు. గోంగూర దెబ్బకు మొహం ఎర్రగా కందిపోయింది. కళ్లల్లో నీళ్లు. చేతిలో మామిడితాండ్ర.

"సార్, పేరు!" అన్నారు ఫ్రాన్సిస్ మాస్టారు.

యెన్సెన్ మామిడితాండ్రను జేబులో దాచుకున్నాడు. "ఇంకొంచెం వేసుకోమని" అన్నాడు, "మా అమ్మ కూడా నన్ను ఇన్నిసార్లు అడగలేదు." ఆపైన కుర్చీలో కూలబడి, పక్కనున్న అంపైరు ఎత్తుపీట కాలికి తల ఆనించుకున్నాడు.

ఇంక మిగిలింది ఒక్కడే. ఉపనిబంధన ప్రకారం చెప్పాల్సినవాడు కూడా ఆయనే.

హైమ వెళ్లి రామభద్రరాజు గారి ఎదురుగా నిలబడింది. "ఎవరో మీకు తెలుసు కదండీ రాజు గారూ?"

"తెలియుట వేరు, ప్రకటించుట వేరు" అన్నారాయన, నేల చూపులు చూస్తూ.

"మా నాన్న నాకు రాకెట్ కొనిస్తే మా వీధిలో అందరూ నవ్వారండి. ఆడపిల్లకి దోమలు కొట్టుకోడానికా అన్నారండి. ఒక్కళ్లతోనూ పోట్లాడకుండా ఆడుకుంటూ ఇక్కడి దాకా వచ్చానండి. ఓడిపోతే ఓడిపోతానండి, ఏడ్చి ఊరుకుంటా. కానీ నా చేత్తో నేను ఓడిపోవాలి గానీ, పాపారావు మాస్టారి పొట్టతో ఓడిపోతే ఎలాగండీ?"

రాజు గారి దగ్గర దానికి నిబంధన లేదు. వెళ్లి మైకు పట్టుకున్నారు. పట్టుకుని, బాగానే ఉన్న తీగను మళ్లీ సర్దారు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఆయన జమీందార్ల భూములు జప్తు చేశారు. వరదలో వంతెన మూసేసి మంత్రిని వెనక్కి పంపారు. కానీ పుట్టి బుద్ధెరిగాక అమ్మతో 'ఇంక చాలు' అన్న మాట ఆయన నోట ఒక్కసారీ రాలేదు. వచ్చినా ఆవిడ వినిపించుకునేది కాదు, అది వేరే సంగతి.

"మహాజనులారా" అన్నారు మైకులో. "ప్రస్తుతము విచారణ దశలో ఉన్న ఒకానొక అంశమునకు సంబంధించి..."

గోడౌను తలుపు దగ్గర రిక్షా గంట మోగింది.

చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్‌తో, తెల్లటి నేత చీర కొంగు నడుముకు బిగించి, సుభద్రమ్మ గారు లోపలికి వచ్చింది. మనిషి పిడికెడు. నడక మాత్రం రాజు గారిది కూడా అలా ఉండదు. ఆవిణ్ణి చూడగానే ఇన్‌స్పెక్టర్ లేచి సెల్యూట్ కొట్టాడు. డాక్టరు పొట్లం వెనక్కి దాచుకున్నాడు. యెన్సెన్ చేతులు జోడించాడు.

"ఏడీ, పాపారావేడీ? కొట్టలేక పడిపోయాడంటగా! ఇందాకా ఇన్‌స్పెక్టరు బాబు చెబితే నా ప్రాణం ఉసూరుమంది." ఆవిడ పాపారావు దగ్గరికెళ్లి గడ్డం పట్టుకుని మొహం ఇటూ అటూ తిప్పింది. "అయ్యో, ఎలా చిక్కిపోయాడో చూడండి! బుగ్గలు చూడండి, ఎముకలు బయటికొచ్చాయి!"

పాపారావు బుగ్గల్లో ఎముకలున్నాయని నమ్మడానికి ఎంతో ప్రేమ ఉండాలి. ఆవిడకుంది.

"ఎవడ్రా ఇది చేసింది?" అని ఆవిడ హాలంతా చూసింది. "నా ఇంటికొచ్చిన మనిషిని ఇలా చేసినోడు ఎవడ్రా? ఒరే రాంభద్రం!"

"అమ్మా..."

"మైకు పుచ్చుకుని మొద్దులా నిలబడ్డావేంట్రా? వాడి పేరు చెప్పు. నేను అడుగుతాను వాణ్ణి."

"సదరు వ్యక్తి యొక్క వివరములను ఈ తరుణంలో..."

"ఏం భాషరా అది? మనుషుల్లా మాట్లాడు. ఎవరికి భయపడుతున్నావు? పోలీసులున్నారు, తెల్లదొర ఉన్నాడు, కలెక్టరున్నాడు. ఎవడైతే నాకేంటి, చెప్పు!"

కలెక్టరు గారు ఒళ్లోని షటిల్ వంక దీక్షగా చూడసాగారు.

అప్పుడే సుభద్రమ్మ గారి చూపు హైమ మీద పడింది. ఆవిడ కోపం ఒక్క క్షణంలో కరిగిపోయింది.

"ఈ పిల్లెవరు? ఆడేది నువ్వేనా అమ్మా? ఇంత సన్నంగా ఉంటే రాకెట్ ఎలా మోస్తున్నావే! పొద్దున్నుంచీ ఏం తినలేదా? మొహం చూస్తే తెలుస్తోంది. రా తల్లీ, ఇలా కూర్చో. రెండు బొబ్బట్లు తిని ఆడుదువు గాని."

క్యారియర్ మూత తీసింది. నెయ్యి వాసన గోడౌనంతా నిండింది. తవుడు వాసన మొదటిసారిగా పూర్తిగా పోయింది.

హైమ నిజంగానే పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. కాళ్లు వాటంతట అవే ఒక అడుగు ముందుకు పడ్డాయి.

"హైమా, ముట్టుకోకు!" అని అరిచారు ఫ్రాన్సిస్ మాస్టారు.

"ఊరుకోవయ్యా, చిన్నపిల్ల తింటుంటే దిష్టి పెడతావా?" అంది సుభద్రమ్మ గారు. "తిను తల్లీ. ఒకటి తిని వదలకూడదు, రెండు తినాలి. మూడోది నీకు నచ్చుతుంది."

హైమ చెయ్యి క్యారియర్ దాకా వచ్చింది.

రామభద్రరాజు గారు ఆ చెయ్యినే చూస్తున్నారు. కాలేజీలో చదివే రోజుల్లో ఆయన పరుగు పందేల్లో మొనగాడు. జిల్లా పోటీల నాటి పొద్దున్న కూడా ఇదే క్యారియర్ మూత ఇలాగే తెరుచుకుంది. ఆ రోజు ఆయన పరుగు మొదలుపెట్టే గీత దగ్గరే కూర్చుండిపోయారు. ఆ తరువాత ఎక్కడికీ పరిగెత్తలేదు. సర్వీసు కమిషన్ పరీక్ష రాశారు. అది కూర్చుని రాసేది.

"ఆగు!" అన్నారాయన.

మైకు కీచుమంది. హైమ చెయ్యి గాల్లో ఆగింది. సుభద్రమ్మ గారు కూడా తలెత్తింది. ఆ గొంతుతో కొడుకు మాట్లాడగా ఆవిడ ఎన్నడూ వినలేదు.

రాజు గారు ఫైలు కింద పెట్టారు. కళ్లద్దాలు తీశారు. మైకును రెండు చేతులతో పట్టుకున్నారు.

"పాపారావు బలం పోగొట్టిన మనిషి పేరు..."

"ఆఁ, అదీ! చెప్పరా" అంది ఆవిడ ఉత్సాహంగా. "గట్టిగా చెప్పు. ఊరంతా వినపడాలి."

"ఇంటిపేరు ఇందుకూరి..."

"మనవాళ్లేనా! ఎవడ్రా మనవాళ్లలో అంత పనికిమాలినవాడు? చెప్పు, చెప్పు!"

"ఇందుకూరి సుభద్రమ్మ" అన్నారు రామభద్రరాజు గారు. "మా అమ్మండి."